తవ్వకముందే పెరిగిన ధర

1969 సెప్టెంబరు మొదట్లో ఆస్ట్రేలియాలో పొసైడన్ అనే చిన్న కంపెనీ షేరు 80 సెంట్లకు దొరికేది. 1970 ఫిబ్రవరి వచ్చేసరికి అదే షేరు 280 డాలర్లు పలికింది. ఆరు నెలలైనా నిండకుండా 350 రెట్లు. ఆ ఆరు నెలల్లో కంపెనీ ఒక్క కిలో నికెల్ కూడా అమ్మలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో విండారా అనే చోట బోర్లు వేసింది, రాతిలో నికెల్ తగిలిందని ప్రకటించింది, అంతే. వియత్నాం యుద్ధంతో నికెల్‌కు గిరాకీ, కెనడాలో ఇన్‌కో కంపెనీ కార్మికుల సమ్మెతో కొరత. రెండూ కలిసి నికెల్ ధర మండిపోతున్న రోజులవి. సిడ్నీలో, లండన్‌లో గనుల ముఖం చూడని గుమాస్తాలు, టీచర్లు, గృహిణులు బ్రోకర్ల ముందు వరస కట్టారు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పొసైడన్ దొంగ కంపెనీ కాదు. విండారాలో నికెల్ నిజంగానే ఉంది. గని నడిచింది కూడా. అయితే అది పనిలోకి వచ్చేసరికి నికెల్ ధర పడిపోయింది, ఖనిజం మొదట అనుకున్నంత చిక్కగా లేదని తేలింది, తీసే ఖర్చు పెరిగింది. 1976లో ఆ షేరు ఎక్స్ఛేంజి జాబితాలోంచే పోయింది. గని వెస్టర్న్ మైనింగ్ అనే పెద్ద కంపెనీ చేతికి వెళ్లింది. 280 డాలర్లు పెట్టి కొన్నవాడు నేలలో నికెల్ ఉందని సరిగ్గానే ఊహించాడు. అయినా మునిగాడు.

గనుల అన్వేషణ కంపెనీల షేర్లు ఎగిసినప్పుడల్లా జనం అడిగే ప్రశ్న ఒక్కటే: అక్కడ ఖనిజం ఉందా, లేదా? డబ్బు పెట్టేవాడికి అంతకన్నా అవసరమైన ప్రశ్న ఇంకొకటి. ఈ ధరలో ఎన్నేళ్ల భవిష్యత్తును ఇప్పుడే కొనేస్తున్నాం? నేలలో రుజువైనదానికీ కాగితం మీద పలుకుతున్నదానికీ మధ్య దూరాన్ని కొలిచే అలవాటు ఎవరికీ పుట్టుకతో రాదు. అదృష్టవశాత్తూ అది నేర్చుకోగలిగిన విద్య. దానికి భూగర్భశాస్త్రం డిగ్రీ అక్కర్లేదు. హెచ్చవేతలు, భాగహారాలు, కాస్త నిదానం ఉంటే చాలు.

ఈ కంపెనీ దగ్గర అసలేముంది?

సిమెంటు కంపెనీకి ఫ్యాక్టరీ ఉంటుంది, బ్యాంకుకు డిపాజిట్లుంటాయి. అన్వేషణ కంపెనీ దగ్గర ఉండేవి మూడే: ఒక నేల మీద వెతికే హక్కు, నలుగురైదుగురు భూగర్భ శాస్త్రజ్ఞులు, బ్యాంకులో కొంత డబ్బు. ఆదాయం సున్నా. ఆ డబ్బును బోర్లుగా మార్చడమే దాని వ్యాపారం. అందుకే లాభాన్ని బట్టి షేరును తూచే మామూలు తక్కెడ ఇక్కడ పనిచేయదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను మార్కెట్ ఇక్కడ అక్షరాలా పాటిస్తుంది. సోమలింగానికి ఉద్యోగం వచ్చిందన్న ధరకు షేరు కొనిపిస్తుంది.

నేలలో రాయి కనబడడానికీ, కడ్డీ చేతికి రావడానికీ మధ్య మెట్లున్నాయి. మన దేశంలో వాటికి జి-4, జి-3, జి-2, జి-1 అని పేర్లు. జి-4 అంటే పైపైన చూసిన సర్వే. జి-3 అంటే ప్రాథమిక అన్వేషణ, దూరదూరంగా వేసిన కొద్ది బోర్లు. జి-2 సాధారణ అన్వేషణ. జి-1 అంటే దగ్గరదగ్గరగా బోర్లు వేసి వివరంగా తేల్చుకున్న దశ. ఆస్ట్రేలియా, కెనడా కంపెనీలు వేరే మాటలు వాడతాయి. ఊహించిన వనరు, సూచిత వనరు, కొలిచిన వనరు అన్నవి ఒక వరస. లాభానికి తీయగలమని లెక్క తేలాక మాత్రమే దాన్ని 'నిల్వ' అనాలి. వనరుకూ నిల్వకూ ఉన్న ఈ తేడా తెలియకుండా గనుల షేరు కొనడమంటే, పెళ్లిచూపులైన ఇంటికి బారసాల కానుక పట్టుకెళ్లడమే.

మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత కాలం పడుతుందో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం పోనక్కర్లేదు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల తొలకరి వానలకు జనం పొలాల్లో వజ్రాలు వెతుక్కోవడం ఏటా పేపర్లలో వచ్చే వార్తే. అదే జొన్నగిరిలో బంగారు గనికి జియోమైసూర్ సర్వీసెస్ అనే సంస్థకు 2013లో లీజు మంజూరైంది. అందులో వాటా ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్ బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయిన కంపెనీ. లీజు వచ్చాక కూడా భూమి సేకరణ, అనుమతులు, శుద్ధి ప్లాంటు అంటూ పదేళ్లకు పైనే గడిచాయి. లీజుకు ముందు అన్వేషణకు పట్టిన ఏళ్లు వేరే. పొలంలో వజ్రం దొరికినవాడు అదే సాయంత్రం వ్యాపారికి అమ్ముకుని ఇంటికెళ్తాడు. గనికి ఆ సౌకర్యం లేదు.

ఈ కాలవ్యవధిలో షేరు ధర ఎలా నడుస్తుందో కెనడా గనుల పెట్టుబడిదారు పియర్ లసాండ్ ఒక గీత గీసి చూపించాడు. ఆయన ఫ్రాంకో-నెవాడా అనే కంపెనీ స్థాపకుల్లో ఒకడు. బోరులో ఖనిజం తగిలిన మొదటి రోజుల్లో ధర నిట్టనిలువుగా లేస్తుంది. ఆ తర్వాత అధ్యయనాలు, అనుమతులు, అప్పుల వేట మొదలవుతాయి. వార్తలు తగ్గిపోతాయి. ఆశతో కొన్నవాళ్లు విసిగి అమ్ముకుంటారు, ధర జారుతుంది. గని కట్టడం పూర్తికావచ్చేటప్పుడు మళ్లీ పుంజుకుంటుంది. ఎగిసిన షేరును చూసి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటి శిఖరం దగ్గర ఎక్కి, లోయలో దిగిపోతారు. పెట్టిన డబ్బు రెండేళ్లలో అమ్మాయి కాలేజీ ఫీజుకు కావాలనుకునేవారికి ఈ గీత ఒక్కటే చాలు, ఇటు రావాలో వద్దో చెప్పడానికి.

పక్కవాడి లాభం

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో సెయింట్ పాల్ అనే చిన్న పట్నముంది. 1990ల మధ్యలో ఆ ఊరి పేరు దేశమంతా మోగింది. కారణం బ్రె-ఎక్స్ అనే షేరు. ఊళ్లో ఒకరు కొన్నారు, పెరిగింది. వాళ్లు బంధువులకు చెప్పారు, వాళ్లు స్నేహితులకు చెప్పారు. ఎవరి చేతిలోనూ భూగర్భ నివేదిక లేదు. అందరి కళ్లముందూ ఉన్నది పక్కింటివాడి కొత్త బండి.

మనిషిని ఇలాంటి షేరులోకి లాగేది దురాశేనని పెద్దలు తీసిపారేస్తారు. అది సగమే నిజం. మిగతా సగం అవమానం. తనకంటే తెలివైనవాడు కాదని తను అనుకునే సహోద్యోగి మూడు నెలల్లో ఏడాది జీతం సంపాదించాడన్న వార్త కడుపులో పెట్టే మంట వేరు. దాన్ని చల్లార్చుకోవడానికి కొన్న షేరుకు ఏ ధరా ఎక్కువ అనిపించదు. అందుకే కొనే ముందు మనిషి తనను తాను అడగాల్సిన మొదటి ప్రశ్నకు గనితో సంబంధం లేదు: ఈ షేరు పేరు నాకు ఎవరు చెప్పారు, వాళ్లు ఎంతకు కొన్నారు?

రెండో ఉచ్చు మరీ సూక్ష్మమైనది. రెండు రూపాయల దగ్గర చూసిన షేరు ఇరవై అయినప్పుడు చాలామంది కొనరు, అయ్యో అనుకుంటారు. అదే నలభైకి పోయి ముప్పైకి దిగితే మాత్రం 'చవగ్గా వచ్చింది' అని కొంటారు. నలభై అన్న అంకె మనసులో మేకులా దిగబడిపోయింది. ఆ ముప్పై వెనక నేలలో ఎన్ని బోర్లున్నాయన్న ప్రశ్న తట్టనే తట్టదు.

ఇక మూడోది, పెద్దలే కొన్నారు కదా అన్న భరోసా. బ్రె-ఎక్స్‌లో ఒంటారియో ఉపాధ్యాయుల పింఛను నిధి, మునిసిపల్ ఉద్యోగుల పింఛను నిధి, క్విబెక్ ప్రభుత్వరంగ పింఛను నిధి కూడా కోట్ల డాలర్లు పోగొట్టుకున్నాయి. వాటికి ఆ దెబ్బ తట్టుకునే వీపుంది. ఇంటి అప్పు తీర్చాల్సిన డబ్బు పెట్టిన ఉద్యోగికి లేదు.

బూసాంగ్‌లో ఏం జరిగింది

బ్రె-ఎక్స్ కథ ఇప్పటికీ గనుల మదుపరులకు పాఠ్యపుస్తకమే. కాల్గరీ నగరానికి చెందిన డేవిడ్ వాల్ష్ నడిపిన ఈ కంపెనీ 1993లో ఇండోనేసియాలోని తూర్పు కాలిమంతాన్ అడవుల్లో బూసాంగ్ అనే చోటు తీసుకుంది. జాన్ ఫెల్డర్‌హాఫ్ అనే భూగర్భ శాస్త్రవేత్త సలహా ఇచ్చాడు. అక్కడ పనులు చూసింది ఫిలిప్పీన్స్‌కు చెందిన మైఖేల్ డి గుజ్మన్. ప్రకటన వెనక ప్రకటన వచ్చింది. ప్రతిదాంట్లో బంగారం అంచనా పెరుగుతూ పోయింది. 1997 మొదటికి అది సుమారు 7 కోట్ల ఔన్సులు, అంటే 2,200 టన్నుల దాకా చేరింది. కోలారు గనుల్లో 120 ఏళ్లపాటు తవ్వి తీసిన బంగారం మొత్తం 800 టన్నుల చిల్లర. బ్రె-ఎక్స్ షేరు డాలరు లోపు నుంచి బయల్దేరి, పది ముక్కలుగా విభజించకముందు లెక్కలో, 1996 మేలో 286 కెనడా డాలర్లు దాటింది. కంపెనీ విలువ 600 కోట్ల డాలర్ల పైమాట.

ఇంత పెద్ద లెక్క ఎలా నిలబడింది? బోరు వేసినప్పుడు లోపలి నుంచి గుండ్రటి కడ్డీలాంటి రాయి బయటికి వస్తుంది. దాన్ని కోర్ అంటారు. లోతు రాసిన చీటీలతో పొడుగాటి పెట్టెల్లో వరసగా పేరుస్తారు. తర్వాత రంపంతో నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగం పొడి చేసి ల్యాబుకు పంపుతారు, రెండో సగం పెట్టెలోనే ఉంచుతారు. రేపు ఎవరికైనా అనుమానమొస్తే ఆ మిగిలిన సగమే సాక్ష్యం. బూసాంగ్‌లో కోర్ దాదాపు మొత్తాన్నీ పొడి చేసేశారు. అంటే సాక్షి లేడు. ఆ పొడిలో బయటి బంగారం కలిసింది. ల్యాబు తనకొచ్చిన సంచిలో ఏముందో నిజాయితీగానే కొలిచింది. ఆ అంకెల మీద పేరున్న ఇంజనీరింగ్ సంస్థ వేసిన గుణకారాలూ సరిగ్గానే ఉన్నాయి. తప్పు సంచిలో ఉంది. ఆ బంగారు రేణువులు గుండ్రంగా, నదిలో కొట్టుకొచ్చిన ఇసుక బంగారంలా ఉన్నాయని తర్వాత పరిశీలించినవారు చెప్పారు. రాతిలో పుట్టిన బంగారానికి ఆ నునుపు ఉండదు.

1997 జనవరిలో బూసాంగ్ శిబిరంలో మంటలు రేగి రికార్డులు కాలిపోయాయి. ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ ఫ్రీపోర్ట్ మెక్‌మొరాన్ వాటాదారుగా వచ్చింది. వచ్చీరాగానే బ్రె-ఎక్స్ బోర్ల పక్కనే తన బోర్లు వేసింది. మార్చి 19న డి గుజ్మన్ హెలికాప్టర్‌లోంచి పడి చనిపోయాడు. వారం తిరిగేసరికి, మార్చి 26న, అక్కడున్న బంగారం లెక్కలోకి రానంత స్వల్పమని ఫ్రీపోర్ట్ ప్రకటించింది. మర్నాడు షేరు ఒక్క రోజులో 80 శాతానికి పైగా పడింది. మేలో స్వతంత్ర సంస్థ స్ట్రాత్‌కోనా, శాంపిళ్లలో జరిగిన కల్తీ గనుల చరిత్రలోనే ఇంతకుముందు ఎరగనంత పెద్దదని తేల్చింది. వాల్ష్ 1998లో చనిపోయాడు. ఇన్‌సైడర్ ట్రేడింగ్ ఆరోపణల నుంచి 2007లో ఒంటారియో కోర్టు ఫెల్డర్‌హాఫ్‌ను విడిచిపెట్టింది. ఈ కల్తీకి ఎవరూ జైలుకు పోలేదు.

ఆ దెబ్బ తర్వాత కెనడా 2001లో కొత్త నిబంధన తెచ్చింది. ప్రకటించే ప్రతి సాంకేతిక అంకెకూ అర్హత ఉన్న నిపుణుడు పేరు పెట్టి బాధ్యత వహించాలి. ఆస్ట్రేలియా అంతకుముందే, పొసైడన్ గుణపాఠంతో కదిలి, 1989లో జోర్క్ అనే నియమావళిని ప్రచురించింది. ఈ రక్షణలు మామూలు మదుపరికి ఉచితంగా దొరికే ఆయుధాలు. ప్రకటన అడుగున ఆ నిపుణుడి పేరుందా, అతను కంపెనీ జీతగాడా, బయటివాడా అని చూడడానికి రెండు నిమిషాలు చాలు. శాంపిళ్ల మధ్య తెలిసిన విలువ ఉన్న పరీక్షా శాంపిళ్లు కలిపారా, రెండో ల్యాబులో సరిచూశారా అన్నదీ మంచి కంపెనీ తనంతట తానే రాస్తుంది.

ప్రకటనను చదవడం

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాలో మూడు వేల టన్నులకు పైగా బంగారం దొరికిందని టీవీలు హోరెత్తించాయి. రిజర్వు బ్యాంకు దగ్గరున్న బంగారానికి అది అయిదు రెట్లన్నారు. కొద్ది రోజుల్లోనే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వివరణ ఇచ్చింది. అక్కడ అంచనా వేసిన ముడి ఖనిజం 52,806 టన్నులు, టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారం. ఈ రెండు అంకెల్నీ హెచ్చవేస్తే 1,60,000 గ్రాములు, అంటే 160 కిలోలు. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం నవ్వుకున్నారు. ఫోనులోని క్యాలిక్యులేటర్‌తో పది సెకన్లలో అయ్యే పని, ఆ పది సెకన్లు ఎవరూ పెట్టకపోవడమే వింత.

బోర్ల ఫలితాలకూ ఇదే పద్ధతి. '30 మీటర్ల మేర టన్నుకు 2 గ్రాములు' అని కంపెనీ ప్రకటించిందనుకుందాం. 30ని 2తో హెచ్చవేస్తే 60. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో 'ఇందులో 1 మీటరు మేర 50 గ్రాములు' అని ఉంటే, 60లో 50 ఆ ఒక్క మీటరుదే. మిగతా 29 మీటర్లకు మిగిలింది 10. అంటే టన్నుకు గ్రాములో మూడో వంతు. ముప్పై మీటర్ల మందపు ఖనిజమని సంబరపడినవాడికి నిజానికి చిక్కింది మీటరు సన్నని చార. రెండు వాక్యాలూ నిజమే, రెండూ చట్టబద్ధమే. చదివేవాడు ఏ వాక్యం దగ్గర ఆగిపోయాడన్నదే తేడా.

ల్యాబు ఫలితం రాకముందే 'కోర్‌లో కంటికి కనబడే ఖనిజం' అంటూ వచ్చే ప్రకటనలు మరో రకం. రాయి చూసి ఉత్సాహపడడం శాస్త్రజ్ఞుడి హక్కు. దానికి డబ్బు చెల్లించడం మదుపరి విధి కాదు. ఇంకో రకం పక్క పొలం వ్యాపారం. కెనడాలోని లాబ్రడార్‌లో వాయిసీస్ బే దగ్గర నికెల్ బయటపడగానే చుట్టూ ఉన్న నేల కోసం కంపెనీలు ఎగబడ్డాయి. వాటి అర్హతల్లా మ్యాపు మీద దగ్గరగా ఉండడమే. ఖనిజం సరిహద్దు రాళ్లను చూసి ఆగదు నిజమే, అలాగని పక్క సర్వే నంబరులోకి రావాలన్న నియమం కూడా దానికి లేదు.

దొరికిందన్న వార్త నిజమైనా తీయగలరా అన్నది ఇంకో ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం వనరు ఉందని ప్రభుత్వం ప్రకటించింది. అది జి-3 దశ, ఊహించిన వనరు. వేలానికి పెడితే చాలినంతమంది ముందుకు రాక 2024లో రద్దు చేయాల్సివచ్చింది. అక్కడిలాంటి బంకమట్టి రాతిలోంచి లిథియాన్ని లాభసాటిగా వేరు చేయడం తేలిక కాదని గనుల కంపెనీలకు తెలుసు. పత్రికల్లో టన్నులు చూసినవాళ్లకు తెలియలేదు.

షేర్ల సంఖ్య, చేతిలో డబ్బు

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. దానికి 50 కోట్ల షేర్లున్నాయి. 4 రూపాయల షేరు 40 అయింది. కంపెనీ విలువ 200 కోట్ల నుంచి 2,000 కోట్లకు చేరింది. అది ప్రకటించిన వనరు 5 టన్నుల బంగారం. గ్రాము 10,000 రూపాయలనుకుంటే నేలలో ఉన్నది 5,000 కోట్ల సరుకు. 'అయిదు వేల కోట్ల బంగారం రెండు వేల కోట్లకే' అని వాట్సాప్‌లో సందేశం తిరుగుతుంది. వినడానికి బాగుంది.

ఇప్పుడు తీసివేతలు మొదలుపెట్టాలి. ఊహించిన వనరులో కొంత, బోర్లు దగ్గరపడేకొద్దీ కరిగిపోతుంది. తీసిన రాయిలోంచి బంగారమంతా బయటికి రాదు. తవ్వకం, కరెంటు, రసాయనాలు, జీతాలు, రాయల్టీ, పన్నులు పోవాలి. ప్లాంటు కట్టడానికి ముందే వందల కోట్లు కావాలి. మిగిలేది కూడా ఇప్పుడు రాదు, ఏడెనిమిదేళ్ల తర్వాత మొదలై ఏడాదికి కొంత చొప్పున వస్తుంది. ఈ లెక్కంతా వేశాక 2,000 కోట్లన్నది చవకో ఖరీదో తేలుతుంది. చాలాసార్లు ఖరీదనే తేలుతుంది.

ఆ వందల కోట్లు ఎక్కడినుంచి వస్తాయి? ఆదాయం లేని కంపెనీకి బ్యాంకు సులువుగా అప్పివ్వదు. కొత్త షేర్లు జారీ చేయడమే దారి. 50 కోట్ల షేర్లు 100 కోట్లయితే, గని విలువ అంతే ఉన్నా పాత షేరుకు దక్కే వాటా సగమవుతుంది. ధర ఎగిసిన వారంలోనే కంపెనీ కొత్త షేర్లు అమ్మడానికి దిగడం సర్వసాధారణం. దాన్ని తప్పుపట్టడానికి లేదు, డబ్బు తేలిగ్గా దొరికేది అప్పుడే. కాకపోతే ఆ షేర్లు మార్కెట్ ధర కంటే తక్కువకు పెద్దవాళ్లకు వెళ్తాయి. కెనడాలో ఇలా నేరుగా కొన్నవాళ్లు సాధారణంగా నాలుగు నెలలు అమ్మకూడదు. ఆ గడువు తీరే తేదీ క్యాలెండర్‌లో రాసుకుంటే, ఏ వార్తా లేకుండా షేరు ఎందుకు పడిందో అర్థమవుతుంది.

ఆస్ట్రేలియా అన్వేషణ కంపెనీలు మూడు నెలలకోసారి 'అపెండిక్స్ 5బీ' అనే నగదు నివేదిక ఇవ్వాలి. ఇప్పటి ఖర్చు రేటున చేతిలో డబ్బు ఇంకెన్ని త్రైమాసికాలకు సరిపోతుందో అందులో అంకె వేసి ఉంటుంది. రెండు లేదా అంతకంటే తక్కువ ఉంటే, కొత్త షేర్లు దారిలో ఉన్నాయని అర్థం. పెర్త్‌లో, మెల్‌బోర్న్‌లో, టొరంటోలో ఉద్యోగాలు చేస్తూ అక్కడి ఎక్స్ఛేంజిల్లో కొనే తెలుగువారికి ఈ ఒక్క పేజీ పది మంది సలహాల పెట్టు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలో విదేశీ షేర్లు కొనేవారికీ అంతే. కారణం లేకుండా ధర ఎగిస్తే అక్కడి ఎక్స్ఛేంజి కంపెనీకి ప్రశ్నల లేఖ రాస్తుంది. మన ఎక్స్ఛేంజిలు కూడా వివరణ అడుగుతాయి. ప్రశ్న, జవాబు రెండూ ఎవరైనా చదవొచ్చు. 'మాకు తెలిసిన కారణమేమీ లేదు' అని కంపెనీయే రాసిస్తే, ఆ పెరుగుదలకు కారణం గని కాదని తేలిపోయినట్టే.

కొనకముందే రాసుకోవాల్సినవి

షేరు పెరుగుతున్నప్పుడు ఆలోచించడం కష్టం, పడుతున్నప్పుడు అంతకంటే కష్టం. కాబట్టి నిర్ణయాలన్నీ కొనకముందే కాగితం మీద ఉండాలి. గనుల షేర్లలో దీర్ఘకాలం నిలదొక్కుకున్నవారు పాటించే క్రమం దాదాపు ఇలా ఉంటుంది.

మొదట మొత్తం. పూర్తిగా పోయినా ఇంట్లో ఎవరి పథకమూ మారని సొమ్ము ఎంతో అంతే. ఆ అంకె ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. భార్యకో భర్తకో చెప్పడానికి నోరు రాని మొత్తం, పెట్టకూడని మొత్తం.

తర్వాత కారణం, ఒక్క వాక్యంలో. 'ఇది జి-3 దశలో ఉంది, మార్చిలోగా మరికొన్ని బోర్ల ఫలితాలు వస్తాయి, ఖనిజం ఉత్తరానికి సాగిందో లేదో తేలుతుంది' అన్నది కారణం. 'బంగారం ధర పెరుగుతోంది' అన్నది వాతావరణం. కారణం రాసుకున్నవాడికి అమ్మే రోజు కూడా తెలుస్తుంది. బోర్ల ఫలితాలు వచ్చి, ఖనిజం ఉత్తరానికి సాగలేదని తేలితే, ధర ఎంతున్నా కొన్న కారణం తీరిపోయింది.

మూడోది అసలు వెనక్కి తీసుకునే గుర్తు. రెండింతలైనప్పుడు సగం అమ్మితే పెట్టిన డబ్బు చేతికి వస్తుంది, మిగతాది లాభం మీద ఆట. మూడింతలకో, నాలుగింతలకో పెట్టుకున్నా ఫర్వాలేదు, గుర్తు ముందే ఉండాలి. షేరు పది రెట్లయ్యాక గుర్తు పెట్టుకోబోతే మనసు దాన్ని పన్నెండు దగ్గర పెడుతుంది, పన్నెండుకు చేరితే పదిహేను దగ్గర.

నాలుగోది, అమ్మగలమా అన్నది. రోజుకు కొన్ని వేల షేర్లే చేతులు మారే చోట, ఆ రోజుకు పెరగగల హద్దు తాకిన అప్పర్ సర్క్యూట్‌లో కొనడం ఎంత కష్టమో, పడగల హద్దు తాకిన లోయర్ సర్క్యూట్‌లో అమ్మడం అంతకు పదింతలు కష్టం. డీమ్యాట్ ఖాతాలో మెరిసే లాభం కొనేవాడు ఎదురుగా ఉన్నంతవరకే లాభం.

ఐదోది చెప్పినవాడి సంగతి. యూట్యూబ్ వీడియోలతో చిన్న షేర్లను ఎగదోసి, తమ దగ్గరున్నవి జనానికి అంటగట్టారంటూ 2023 మార్చిలో సెబీ రెండు కంపెనీల షేర్ల వ్యవహారంలో పలువురిని మార్కెట్‌కు దూరం పెట్టింది. అవి గనుల కంపెనీలు కావు, వాడిన కిటుకు మాత్రం పాతదే. లక్ష్య ధర చెప్పేవాడు తన కొనుగోలు ధర చెప్పకపోతే ఆ వీడియో అక్కడే ఆపేయొచ్చు.

నిజంగా దొరికినప్పుడు

ఇదంతా చదివి ఈ వైపే రాకూడదని నిశ్చయించుకోవడం ఒక దారి, చాలామందికి అదే మంచి దారి. కానీ నిజమైన గెలుపులున్నాయి, అవి ఎలా ఉంటాయో కూడా చూడాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో డి గ్రే మైనింగ్ అనే కంపెనీ ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని పెన్నీ స్టాక్. 2020 ఫిబ్రవరిలో హెమీ అనే చోట బంగారం బయటపడ్డట్టు ప్రకటించింది. సెంట్లలో ఉన్న షేరు ఆ ఏడాదే డాలరు దాటింది. బోర్లు సాగేకొద్దీ ఖనిజం విస్తరించింది. 2025లో నార్తర్న్ స్టార్ అనే పెద్ద కంపెనీ దాన్ని సుమారు 500 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల లెక్కన కలుపుకుంది. అప్పటికి హెమీలో గని ఇంకా కట్టనే లేదు. వాటాదారులకు లాభం బంగారం అమ్మి రాలేదు, రుజువులు పేరుకునేకొద్దీ వచ్చింది.

వాయిసీస్ బే మరో రకం. 1993లో వజ్రాల కోసం తిరుగుతున్న ఇద్దరు అన్వేషకులకు అక్కడ నికెల్, రాగి ఉన్న కొండ కనబడింది. వాళ్ల వెనకున్న చిన్న కంపెనీ డైమండ్ ఫీల్డ్స్ షేరు కెనడాను ఊపేసింది. 1996లో ఇన్‌కో ఆ నిక్షేపానికి 430 కోట్ల కెనడా డాలర్లు కట్టింది. స్థానిక ఆదివాసులతో, రాష్ట్ర ప్రభుత్వంతో చర్చలు సాగి సాగి గని పనిచేయడం 2005లో మొదలైంది. ఈలోగా ఇన్‌కో ఆ ఆస్తి విలువను తన పద్దుల్లో తగ్గించి రాసుకోవాల్సివచ్చింది. ఒకే కొండ, ఒకే నికెల్. మొదట్లో కొని 1996లో అమ్మినవారు బాగుపడ్డారు. అదే కొండను శిఖర ధరకు కొన్నది అనుభవం ఉన్న ప్రపంచస్థాయి గనుల కంపెనీ, దానికి మాత్రం తొమ్మిదేళ్ల ఎదురుచూపు మిగిలింది.

ఇప్పటికే ఎగిసిన షేరు చేతిలో ఉన్నవారు ఈ వారాంతం చేయదగిన పని ఒకటుంది. కంపెనీ తాజా ప్రకటన, తాజా నగదు నివేదిక ముందు పెట్టుకుని అయిదు అంకెలు రాయాలి: మొత్తం షేర్లు, ఈనాటి ధరకు కంపెనీ విలువ, ప్రకటించిన వనరు ఏ దశలో ఎంత, చేతిలో డబ్బు ఎన్ని నెలలకు, తరవాతి ఫలితం ఏ నెలలో. ఈ అయిదింటిలో మూడు దొరకకపోతే సోమవారం పొద్దున మార్కెట్ తెరవగానే కనీసం పెట్టిన అసలు వెనక్కి తీసుకోవాలి. అయిదూ దొరికితే, ఆ షేరు తమ దగ్గర లేదనుకుని, ఈ ధరకు కొత్తగా కొంటారా అని ఇంట్లో ఇంకొకరి చేత అడిగించుకోవాలి.